కృష్ణుడు పక్కకు తప్పుకుంటేనే ఘటోత్కచుడు వెలిగాడు

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. తెలుగు)

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడిందంటే మొదట వచ్చే తగాదా ఒకటే. నాటకంలో కృష్ణుడి వేషం ఎవరిది? నెమలి పింఛం ఎవరికి, పిల్లనగ్రోవి ఎవరికి? మేము హాస్టల్లో ఉన్న రోజుల్లోనూ ఇదే తగాదా. మొన్న వచ్చినప్పుడు అడిగితే ఇప్పటికీ ఇదేనని తమ్ముళ్ళు చెప్పారు. లంబు, జంబు వేషాలకు మాత్రం ఎవరూ పోటీకి రారు. మాకు ప్రతి సంవత్సరం దక్కింది ఆ వేషాలే. అందుకే కాబోలు, కథల్లో పెద్ద హీరో లేనప్పుడు పక్కవాళ్ళు ఏం చేస్తారన్నదాని మీద మాకు చిన్నప్పటి నుంచీ ఆసక్తి. ఈ వ్యాసంలో ఆ విషయమే నాలుగు మాటలు పంచుకుంటాం.

అన్నీ చేయగలవాడు ఉంటే కథ ఎక్కడుంది?

ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. కృష్ణుడు దేవుడు. చక్రం వేస్తే కౌరవులు ఒక్క పూటలో అయిపోతారు. మరి పద్దెనిమిది రోజుల యుద్ధం ఎందుకు? అన్ని పర్వాల భారతం ఎందుకు?

జవాబు అందరికీ తెలిసిందే. కృష్ణుడు ఆయుధం పట్టనన్నాడు. ఒక పక్క తన సైన్యాన్ని, ఇంకో పక్క ఆయుధం లేని తనను పెట్టి కోరుకోమన్నాడు. దుర్యోధనుడు సైన్యాన్ని తీసుకున్నాడు, అర్జునుడు కృష్ణుడిని తీసుకున్నాడు. ఆ ఒక్క మాట వల్లనే భీముడికి పని దొరికింది, సాత్యకికి పని దొరికింది, శిఖండికి కూడా పని దొరికింది. అందరికంటే బలవంతుడు పగ్గాలు పట్టుకొని రథం మీద కూర్చుంటేనే మిగిలినవాళ్ళ బలం ఎంతో మనకు తెలిసింది.

రామాయణంలో సుందరకాండ చూడండి. ఆ కాండలో రాముడు కనిపించేది చాలా తక్కువ. సముద్రం దాటింది, సీతను చూసింది, లంకను కాల్చింది అన్నీ హనుమంతుడే. అంతకు ముందు సముద్రం ఒడ్డున వానరులంతా దిగులుగా కూర్చుంటారు. హనుమంతుడికి తన బలం తనకే గుర్తు లేదు. ముసలి జాంబవంతుడు పక్కకు వచ్చి గుర్తు చేస్తాడు. రాముడు అక్కడే ఉండి ఉంటే అందరూ ఆయన ముఖమే చూసేవారు గాని, హనుమంతుడి ముఖం ఎవరు చూస్తారు? నేటికీ మన ఊళ్ళలో కష్టం వస్తే పెద్దవాళ్ళు పారాయణం చేసేది హీరో పక్కన లేని ఆ కాండనే.

మన ఊరి ఘటోత్కచుడు

ఇక అసలు సంగతికి వద్దాం. మన నూజివీడు అంటే అందరికీ మామిడే గుర్తుకు వస్తుంది. కాని ఈ ఊరు తెలుగు సినిమాకు ఇచ్చిన ఒక పెద్ద పండు ఉంది. ఎస్.వి.రంగారావు 1918 జూలై 3న పుట్టింది నూజివీడులోనే. అప్పటికి ఇది కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు మారినప్పుడు ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారినా ఘటోత్కచుడు మాత్రం మనవాడే.

రంగారావు పేరు చెప్పగానే మూడు పాత్రలు కళ్ళ ముందు నిలుస్తాయి. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడు, 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు, 'నర్తనశాల' (1963)లో కీచకుడు. ఈ మూడు సినిమాల్లోనూ హీరో ఆయన కాదు. హీరో ఎన్.టి.రామారావు. అయినా సినిమా చూసి వచ్చినవాళ్ళు రంగారావునే తలుచుకుంటారు. కీచకుడి పాత్రకు ఆయన జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా బహుమతి అందుకున్నారు. 1974లో ఆయన కన్నుమూశారు.

ఇందులో నటుడి గొప్పతనం ఉంది, కాదనలేం. కాని కథ అల్లినవాళ్ళు ఆయనకు ఖాళీ చేసి ఇచ్చిన చోటు కూడా ఉంది. దీనికి 'మాయాబజార్' మంచి ఉదాహరణ.

విజయా సంస్థ తీసిన ఈ సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలు పాటలు పింగళి నాగేంద్రరావు. ఇందులోని శశిరేఖ పెళ్ళి కథ వ్యాస భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ కథ జనం నోట పుట్టి, సురభి వంటి నాటక సమాజాల రంగస్థలం మీద పెరిగి సినిమాకు చేరింది. అంటే పెద్ద కథలో ఎక్కువ చోటు దొరకని ఘటోత్కచుడికి మన తెలుగువాళ్ళే ఒక కథ కల్పించి ఇచ్చారన్నమాట.

ఈ సినిమాలో ఒక విచిత్రం ఉంది. భారత కథే అయినా పాండవులు ఐదుగురూ తెర మీద ఎక్కడా కనపడరు. జూదంలో ఓడారని, అడవికి వెళ్ళారని మాటల్లోనే తెలుస్తుంది. అర్జునుడు ఉంటే కొడుకు పెళ్ళి ఆయనే చేసుకుంటాడు, భీముడు ఉంటే గద తీస్తాడు. ఇద్దరూ లేరు కాబట్టే సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని రాత్రివేళ అడవి దారి పట్టాల్సి వచ్చింది, హిడింబి కొడుకు గడప చేరాల్సి వచ్చింది.

మరి కృష్ణుడు ఉన్నాడు కదా? ఉన్నాడు. ఆయన ఏమీ చేయలేనివాడు కాడని మనకు ముందే చూపిస్తారు. ద్రౌపది పిలిస్తే మానం కాపాడింది ఆయనే. కాని శశిరేఖ పెళ్ళి అన్నగారి ఇంటి వ్యవహారం. బలరాముడు పెద్దవాడు, మాట ఇచ్చినవాడు. పెద్దన్న మాటకు తమ్ముడు నలుగురిలో అడ్డం చెప్పడం మన ఇళ్ళలో ఉందా? అందుకని కృష్ణుడు పైకి ఏమీ ఎరగనట్టు నవ్వుతూ తిరుగుతాడు. రథం తోలేవాడికి ఏ దారిన పోవాలో మాత్రం చెవిలో చెబుతాడు. ఇక మిగిలిన పనంతా ఘటోత్కచుడిది. అడవిలో అభిమన్యుడిని తెలియక ఎదిరిస్తాడు, పిన్ని అని తెలిసి కాళ్ళ మీద పడతాడు, శశిరేఖను మంచంతో సహా ఎత్తుకొస్తాడు, తానే శశిరేఖగా మారి పెళ్ళివారిని ఏడిపిస్తాడు. ఆయన వెంట చిన్నమయ్య, లంబు, జంబు కూడా పనిలోకి దిగుతారు. పెళ్ళి విందు ఒక్కడే కూర్చొని తినే పాటను మాధవపెద్ది సత్యం పాడితే, ఆ పాట రాని తెలుగు పిల్లవాడు లేడు.

ఇంకో తమాషా చూడండి. మేనమామ వరసైన కృష్ణుడి వేషం వేసిన రామారావు కంటే అల్లుడి వేషం వేసిన రంగారావు వయసులో ఐదేళ్ళు పెద్ద. తెర మీద మాత్రం ఆ ఆకారమంతా మామ ముందు చిన్నపిల్లవాడైపోతుంది. 2013లో ఒక జాతీయ వార్తా ఛానల్ భారతీయ సినిమా నూరేళ్ళ సందర్భంగా ఓట్లు అడిగితే ప్రేక్షకులు మొదటి స్థానం ఇచ్చింది ఈ సినిమాకే.

హీరోను తప్పించే పద్ధతులు

చదివిన కథలన్నీ ముందు వేసుకొని చూస్తే, బలమైన హీరోను పక్కన పెట్టడానికి ముఖ్యంగా నాలుగు దారులు కనిపించాయి.

మొదటిది మాట. ఆయుధం పట్టనన్న కృష్ణుడు, అజ్ఞాతవాసంలో బయటపడకూడని పాండవులు. విరాటుడి కొలువులో భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల. బలం ఉంది, వాడే వీలు లేదు.

రెండోది దూరం. పదమూడో రోజు యుద్ధంలో సంశప్తకులు అర్జునుడిని పక్కకు లాక్కుపోయారు. పద్మవ్యూహం ముందు అభిమన్యుడు నిలబడాల్సి వచ్చింది. వెనుక వచ్చే నలుగురినీ వరం ఉన్న సైంధవుడు ఆపేశాడు.

మూడోది బంధుత్వం. ఇది మన కథలకు బాగా నప్పుతుంది. అన్న, గురువు, మేనమామ, ఇచ్చిన మాట. శత్రువు కట్టలేని చేతుల్ని వరసలు కట్టేస్తాయి.

నాలుగోది ఆలస్యం. హీరో వస్తాడు, కాని వచ్చేలోపు ఒక గంట గడవాలి. ఆ గంట పక్కవాళ్ళది.

జపాను బొమ్మల కథల్లోనూ ఇదే

జపాను వాళ్ళు తమ బొమ్మల కథల్ని మాంగా అంటారు. ఈ మాట వినగానే మన నూజివీడు పిల్లలకు నోరూరుతుంది. మలయాళంలో మాంగా అంటే మామిడికాయే. కాని ఆ మాటకూ ఈ మాటకూ సంబంధం లేదు. మనకు చందమామ ఎట్లాగో వాళ్ళకు వారం వారం వచ్చే బొమ్మల పత్రికలు అట్లాగ. పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదువుతారు.

అకిరా తొరియామా 1984 నుంచి 1995 దాకా గీసిన 'డ్రాగన్ బాల్' కథలో గోకు అనే హీరో ఉంటాడు. అతడు ఉంటే ఎవరైనా ఓడిపోవాల్సిందే. అందుకే రచయిత అతడిని ఎప్పుడూ దూరంగా పెడుతుంటాడు. ఒకసారి అతడు పరలోకంలో శిక్షణలో ఉంటాడు, తిరిగి రావడానికి పాము వంటి పొడవైన దారి పరుగెత్తాలి. ఆలోపు శత్రువులు భూమికి వచ్చేస్తారు. ఒకప్పుడు విరోధి అయిన పికోలో, గోకు కొడుకైన చిన్న గోహాన్‌కు అడ్డం నిలబడి ప్రాణం ఇస్తాడు. ఇంకోసారి గోకు అంతరిక్ష నౌకలో దారిలో ఉంటాడు, మరోసారి గాయాలు మానడానికి నీటి తొట్టిలో ఉంటాడు. ఆ సమయమంతా బక్కవాడైన క్రిల్లిన్, పసివాడైన గోహాన్ బతుకుపోరాటం చేస్తారు. చదివేవాడికి గుండె దడదడలాడేది అప్పుడే. గోకు వచ్చాక ఊపిరి పీల్చుకుంటాం, అంతే.

'వన్ పంచ్ మ్యాన్' అనే కథ ఇంకా చిత్రమైనది. అందులో సైతామా ఒక్క గుద్దుతో ఎవరినైనా చంపగలడు. అటువంటివాడితో కథ ఎట్లా నడుస్తుంది? ఆలస్యంతో నడుస్తుంది. ఒక సముద్ర రాక్షసుడు ఊరి మీద పడినప్పుడు, ఏ శక్తీ లేని ఒక మామూలు మనిషి సైకిలు మీద వచ్చి ఎదురు నిలుస్తాడు. గెలవనని అతడికి తెలుసు. అయినా నిలుస్తాడు. ఆ తరువాత సైతామా వచ్చి ఒక్క దెబ్బతో ముగించేస్తాడు. అప్పుడు చూస్తున్నవాళ్ళలో ఒకడు, ముందు ఓడినవాళ్ళంతా పనికిరానివాళ్ళని ఎగతాళి చేస్తాడు. సైతామా ఏమంటాడంటే, వాళ్ళంతా ముందే రాక్షసుడిని అలసిపోయేలా చేశారు, నేను చివర్లో వచ్చి పేరు కొట్టేశాను అని. అది అబద్ధం. కాని ఆ అబద్ధంతో ఓడినవాళ్ళ పరువు నిలబెట్టాడు. తన పేరు తానే తగ్గించుకున్నాడు.

ఇక్కడ మనకు ఒక సూత్రం దొరుకుతుంది. హీరో లేనప్పుడు పక్కవాళ్ళు చేసిన పని నిజమైన పని కావాలి. హీరో వచ్చేదాకా కాలక్షేపం కాకూడదు. హీరో తిరిగి వచ్చాక ఆ పనిని తుడిచేయకూడదు. 'మాయాబజార్'లో చివరకు ఘటోత్కచుడే అంతా కృష్ణుడి మహిమ అని చేతులు జోడిస్తాడు. అది అతడి వినయం. కాని చూసిన మనకు తెలుసు ఎవరి కష్టం ఎంతో.

తప్పుకోవడం వేరు, తప్పించడం వేరు

ఇంతవరకూ సరదాగా ఉంది. కాని ఇదే ఘటోత్కచుడి కథ భారతంలో చదివితే మనసు బరువెక్కుతుంది.

పద్నాలుగో రోజు రాత్రి యుద్ధం. కర్ణుడి దగ్గర ఇంద్రుడు ఇచ్చిన శక్తి ఉంది. ఒక్కసారే పనికి వస్తుంది. దాన్ని అతడు అర్జునుడి కోసం దాచాడు. కృష్ణుడు అర్జునుడిని కర్ణుడి ఎదుటకు పోనీయడు. ఘటోత్కచుడిని పంపిస్తాడు. ఆ రాత్రి ఘటోత్కచుడు వెలిగినట్టు ఇంకెవరూ వెలగలేదు. తట్టుకోలేక కర్ణుడు ఆ శక్తిని అతడి మీద వేసేస్తాడు. పడిపోతూ కూడా శరీరం పెంచి శత్రుసేన మీదనే పడతాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు, అర్జునుడు బతికాడని. ఆ సందర్భంలోనే జరాసంధుడు, శిశుపాలుడు, ఏకలవ్యుడు ముందే లేకుండా పోవడం కూడా మేలైందని చెబుతాడు.

ఏకలవ్యుడి పేరు అక్కడ రావడం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. ఏకలవ్యుడి విషయంలో జరిగింది మన సూత్రానికి పూర్తిగా తలకిందులు. అక్కడ బలమైన హీరో పక్కకు తప్పుకోలేదు. హీరో మొదటి స్థానం పోకూడదని, గురువు లేకుండా నేర్చుకున్న అడవి పిల్లవాడి బొటనవేలు తీసుకున్నారు.

కాబట్టి రెండింటినీ ఒకటిగా చూడకూడదు. బలవంతుడు తనంతట తాను తప్పుకొని చోటు ఇవ్వడం ఒకటి. చోటు లేనివాడిని ఇంకా పక్కకు నెట్టడం, లేదా హీరో బతకడానికి ముందుకు తోయడం మరొకటి. ఘటోత్కచుడు అడవి తల్లి కొడుకు, ఏకలవ్యుడు అడవి పిల్లవాడు, ఇద్దరి కథా అట్లా ముగియడం ఊరకే జరిగిందని మేము అనుకోం. మన పెద్దలు శశిరేఖ కథ అల్లుకొని ఘటోత్కచుడిని నవ్వుతూ బతికించుకోవడం కూడా ఊరకే జరగలేదు.

తప్పుకొని చోటు ఇచ్చినవాడు మన పల్నాటి కథలో ఉన్నాడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు. మాల కన్నమదాసును సేనానిగా నిలిపాడు. కారంపూడిలో ఇప్పటికీ కార్తీకంలో వీరుల ఆరాధన జరుగుతుంది. ఆ వీరుల్లో కన్నమదాసు ఉన్నాడు.

మా హాస్టల్లో జరిగినది

ఇక మా కథ. మేము పదో తరగతిలో ఉండగా మా గదిలో ఒకడుండేవాడు. పేరు ఇక్కడ రాయం. లెక్కలు వాడే, కబడ్డీ కూత వాడే, వక్తృత్వం వాడే, కృష్ణుడి వేషమూ వాడే. రాత్రి స్టడీ అవర్‌లో లెక్క వాడు చేసేవాడు, మేము ఎక్కించుకునేవాళ్ళం. మా అందరి ఉత్తరాలు, అర్జీలు కూడా వాడి చేతి రాతే. వాడుంటే మాకు ధీమా.

వార్షికోత్సవానికి మూడు వారాల ముందు వాడికి ఆటలమ్మ పోసింది. ఇంటికి పంపేశారు. మొదటి రెండు రాత్రులు మేము పుస్తకాలు తెరిచి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. మూడో రాత్రి, వంటగదికి నీళ్ళు మోసి పెట్టే, ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాడు లేచి, "ఒరేయ్, ఈ లెక్క నాకు సగం వచ్చు, మిగతా సగం ఎవరికన్నా వచ్చా?" అన్నాడు. మిగతా సగం ఇంకొకడికి వచ్చు. అట్లా సగం సగం కలుపుకొని చేశాం. లెక్కల్లో తప్పుతూ వచ్చిన ముగ్గురు ఆ పరీక్షలో పాసయ్యారు. ఆ ముగ్గురిలో ఒకరం మేమే. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ పదో తరగతి దాటలేదు. ఈ రోజు ఎం.ఏ. చదువుతున్నామంటే దానికి మొదలు ఆ రాత్రి.

వాడు తిరిగి వచ్చాడు. కృష్ణుడి వేషం ఇస్తామన్నాం. వద్దురా, మీరు చేస్తున్నదే బాగుంది అని తెర లాగే తాడు పట్టుకున్నాడు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో మా పక్కన కూర్చొని మా నోటు చూసి, "ఇదెట్లా చేశార్రా?" అని అడిగాడు. వాడు మమ్మల్ని అడగడం అదే మొదలు.

ఇంటర్ అయ్యాక వాడి నాన్నకు జబ్బు చేసింది. చదువు ఆగిపోయింది. ఇప్పుడు మామిడి సీజన్‌లో లోడింగ్ పనికి వెళుతూ, దూరవిద్యలో డిగ్రీ కడుతున్నాడు. మమ్మల్ని వేధించే విషయం ఒకటుంది. అన్నేళ్ళు వాడి మీద ఆధారపడ్డాం గాని, ఒక్క రోజు కూడా "నువ్వు కాసేపు కూర్చోరా, మేము చూసుకుంటాం" అనలేదు. అన్నీ చేయగలవాడికి కూడా అలసట ఉంటుందని, వాడికీ ఒక హీరో కావాలని మాకు తోచలేదు. హీరో పక్కకు తప్పుకోవడం పక్కవాళ్ళ మేలు కోసమే అనుకుంటాం. అది హీరో బతకడానికి కూడా అవసరమే. ఇప్పుడు వాడి డిగ్రీ పుస్తకాలు, నోట్సు మేము పంపుతున్నాం. ఇది ఉపకారం కాదు. ఎక్కించుకున్న లెక్కలకు బాకీ.

తోట చెప్పే పాఠం

మన ఇళ్ళలో చాలామంది అమ్మానాన్నలు తోటల్లోనే పని చేస్తారు. చిక్కం పట్టి కాయ దించడం, గడ్డి పరిచి పెట్టెలు సర్దడం మనకు కొత్త కాదు. తోట వేసేటప్పుడు పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల దాకా ఎడం వదులుతారు. దగ్గరగా నాటితే ఒకటి పెరిగి రెండోదాన్ని మింగేస్తుంది. కాపు అయిపోయాక పెద్ద చెట్టుకు కొమ్మలు కత్తిరిస్తారు, లోపలికి వెలుతురు పోవాలని. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు తగ్గి కాస్తుంది. అప్పుడు రైతు చెట్టును తిట్టుకోడు. దానికీ విశ్రాంతి కావాలి అంటాడు.

తమ్ముళ్ళూ, మీలో చదువులో, ఆటలో ముందున్నవారికి మా మనవి ఒకటే. ఈసారి నాటకంలో కృష్ణుడి వేషం ఎప్పుడూ మాట్లాడని కుర్రాడికి ఇచ్చి చూడండి. తెర తాడు మీరు పట్టుకోండి. వెనుక కూర్చునేవారికి ఇంకో మనవి. ముందున్నవాడు ఇంటికి వెళ్ళేదాకా ఆగకండి. మీకు వచ్చిన సగం లెక్క ఈ రాత్రే బయటపెట్టండి. మిగతా సగం పక్కవాడి దగ్గర ఉండవచ్చు.

వార్షికోత్సవానికి మేమూ వస్తాం. లంబు వేషం ఖాళీగా ఉంటే మా పేరు రాసుకోండి.